ఆక్సీమీటర్ 98 చూపించింది, అయినా మామయ్య పడిపోయారు

కరోనా టైంలో కొన్న చిన్న ఆక్సీమీటర్ ఇప్పటికీ మా ప్రయాణాల బ్యాగులో ఉంటుంది. మొన్న మే నెలలో సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఆపుకున్న కారవాన్‌లో (పడకలు, బాత్రూం ఉన్న పెద్ద బండి), రాత్రి పన్నెండున్నరకు అత్తమ్మ "తలకాయ పలిగిపోతుంది బిడ్డా, కడుపుల తిప్పుతుంది" అని లేచినప్పుడు నేను చేసిన మొదటి పని ఆ ఆక్సీమీటర్ తీసి ఆమె వేలికి పెట్టడం. 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది కదా, భయం లేదు అనుకున్నాను. ఆ 98 అబద్ధం. అది ఎలా అబద్ధమైందో, దాన్ని నమ్మి మేం ఎన్ని తప్పులు చేశామో మొత్తం చెప్తాను, ఎందుకంటే ఈ ఎండాకాలం మనవైపు కారవాన్‌లు చాలా కనిపించాయి, వాటిలో పిల్లల్ని, పెద్దవాళ్ళని పడుకోబెట్టుకునే వాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో అని నాకు బెంగగా ఉంది.

బండిని హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్నాం. నేను, మా ఆయన, అత్తమ్మ, మామయ్య, ఏడేళ్ళ మా బాబు, డ్రైవర్ అన్న. మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సాయంత్రానికి సోమశిల చేరాం. గుడికి వెళ్ళొచ్చి, ఒడ్డున చేపల పులుసుతో అన్నం తిని, పదింటికి బండిలోకి ఎక్కాం. ఎండాకాలం కదా, నీళ్ళు బాగా వెనక్కి పోయి, రాత్రి అయినా రాళ్ళ నుంచి వేడి కొడుతోంది. ఏసీ లేకుండా పిల్లాడు పడుకోడు. బండి వెనక పెట్టెలో ఉన్న పెట్రోల్ జనరేటర్ ఆన్ చేసి, దోమలు రాకుండా కిటికీలన్నీ మూసేశాం. డ్రైవర్ అన్న మాత్రం లోపల నాకు నిద్ర పట్టదని చాప తీసుకుని కొంచెం దూరంలో చెట్టు కిందికి వెళ్ళిపోయాడు.

అత్తమ్మ లేచిన కాసేపటికి బాబు వాంతి చేసుకున్నాడు. నాకూ నుదుటి మీద ఎవరో బరువు పెట్టినట్టే ఉంది. మా ఆయన చేపలు పడలేదేమో అన్నారు, మామయ్య పగలంతా ఎండలో తిరిగినం కదా, ఎండదెబ్బ అన్నారు. అందరం దిగి నీళ్ళ వైపు వెళ్ళి ఓ ఇరవై నిమిషాలు కూర్చున్నాం. నిజంగానే కొంచెం తగ్గింది, బాబు లేచి ఆడుకున్నాడు కూడా. "చూసిన్రా, సల్లగాలికి తగ్గింది, ఎండదెబ్బనే" అన్నారు మామయ్య. మళ్ళీ ఎక్కి పడుకున్నాం.

మళ్ళీ ఎక్కడం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

రెండు గంటలప్పుడు బాత్రూంకని లేచిన మామయ్య తలుపు దగ్గరే కూలబడ్డారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పిలిస్తే చూస్తున్నారు, కానీ మాట తడబడుతోంది, తన కొడుకు పేరు తప్పు చెప్పారు. లేపబోయిన మా ఆయన కాళ్ళలోనూ బలం లేదు. నేను తలుపు తీసి కేకేస్తే డ్రైవర్ అన్న పరుగెత్తుకొచ్చాడు, ఇద్దరం కలిసి అందరినీ కిందికి దించాం, 108కి ఫోన్ చేశాం. అప్పుడు అన్న ఒక మాట అన్నాడు: "అక్కా, చాపల పులుసు అందరికన్నా నేనే ఎక్కువ తిన్న. ఎండల మీతోనే తిరిగిన. మరి నాకేం కాలేదు?"

జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకే తిండి, ఒకే ఎండ, ఒకే నీళ్ళు, తేడా మేం పీల్చిన గాలి ఒక్కటే. కానీ ఆ సంగతి మాకు తట్టలేదు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ, నేను ఎండ, చేపలు అంటూ చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "అక్కడ కరెంటు ఎక్కడిది? ఏసీ దేని మీద నడిచింది?" అని అడిగారు. జనరేటర్ అనగానే, ఇంకా ఏ పరీక్షా చేయకముందే నలుగురికి, నాతో కలిపి ఐదుగురికి, వరసగా ఆక్సిజన్ మాస్కులు పెట్టించారు.

మా ఒంట్లోకి చేరింది కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, కట్టెలు, బొగ్గులు, ఏది మండినా సరిపడా గాలి తగలకపోతే అది సగం సగం కాలి ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. వంటగ్యాస్ లీకైతే వాసన తెలియాలని కంపెనీలు కావాలని ఒక ఘాటు కలుపుతాయి, ఇక్కడ కలిపేవాళ్ళు లేరు. చిన్న పెట్రోల్ జనరేటర్లు దీన్ని చాలా ఎక్కువగా వదులుతాయి, అందుకే "ఇంత చిన్న మిషన్ ఏం చేస్తుంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఒంట్లో అది చేసే పని నాకు డాక్టరమ్మ చెప్పింది వేరే మాటల్లో, కానీ మన బస్టాండ్ గుర్తుకు తెచ్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పండగప్పుడు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కండువా వేస్తారు చూడండి, ఇక ఆ సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఒక బస్సు అనుకోండి. అందులో ఎక్కాల్సిన ప్రయాణికుడు ఆక్సిజన్. కార్బన్ మోనాక్సైడ్ కిటికీలోంచి కండువా వేసే రకం, హిమోగ్లోబిన్‌కు అతుక్కోవడంలో ఆక్సిజన్ కన్నా అది 200 రెట్లకు పైగా గట్టిది. అందుకే గాలిలో కొంచెమే ఉన్నా గంట రెండు గంటల్లో చాలా సీట్లు పట్టేస్తుంది. ఇంకో కీడు కూడా ఉంది, కండువాలు పెరిగిన బస్సులో అప్పటికే కూర్చున్న ఆక్సిజన్ కూడా తాను దిగాల్సిన స్టేజీలో దిగదు, హిమోగ్లోబిన్ దాన్ని గట్టిగా పట్టుకుని వదలదు. మెదడు, గుండె ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి, బస్సులు ముందు నుంచే వెళ్ళిపోతుంటాయి. ఇది చాలదన్నట్టు, ఆ వాయువు కణాల లోపలికి కూడా దూరి, వచ్చిన కాస్త ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాంగాన్నే దెబ్బతీస్తుంది.

ఇప్పుడు ఆ 98 సంగతి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ రెండు రకాల కాంతిని, ఒకటి ఎర్రది, ఇంకోటి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, వేలిలోంచి పంపి రక్తం ఎంత కాంతిని పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్ ఎర్రకాంతి విషయంలో దాదాపు ఆక్సిజన్ అంటుకున్న హిమోగ్లోబిన్ లాగే కనిపిస్తుంది. అంటే ఆక్సీమీటర్ బస్సు బయట నిలబడి సీట్లు నిండాయా లేదా అని చూస్తుంది తప్ప, కూర్చున్నది మనిషా, కండువానా అన్నది దానికి తెలియదు. మనిషి స్పృహ తప్పుతున్నా అది 98, 99 అని చూపిస్తూ ఉంటుంది. మిషన్ పాడై కాదు, అది చూడగలిగింది అంతే. ఆసుపత్రిలో కూడా మామూలు మానిటర్ ఇదే తప్పు చేస్తుంది, కొన్ని రకాల బ్లడ్ గ్యాస్ మిషన్లు ఆక్సిజన్ శాతాన్ని నేరుగా కొలవకుండా లెక్కగట్టి ఇస్తాయి కాబట్టి అవీ మోసపోతాయి. నిజం తెలియాలంటే కో-ఆక్సిమెట్రీ అనే రక్తపరీక్ష కావాలి, అది కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్, ఎంత శాతమో విడిగా చెప్తుంది. పొగ తాగనివాళ్ళలో అది మామూలుగా 3 శాతం లోపే ఉంటుంది, బాగా పొగ తాగేవాళ్ళలో 10 దాకా ఉండొచ్చు.

ఆ పరీక్ష చిన్న ఊళ్ళలో అన్ని చోట్లా దొరకదు, దొరికినా ఒక చిక్కుంది. అంబులెన్స్‌లోనే ఆక్సిజన్ పెట్టేస్తారు కాబట్టి ఆసుపత్రిలో రక్తం తీసేసరికి ఆ శాతం సగానికి సగం పడిపోయి ఉండొచ్చు, దాన్ని చూసి "పెద్దగా ఏం లేదు" అనుకోవడం పొరపాటు. అందుకే డాక్టర్లకు పరీక్ష కన్నా కథ ముఖ్యం. ఎక్కడ పడుకున్నారు, ఏది మండుతోంది, ఎంతమందికి వచ్చింది అన్నవి. ఆ కథ చెప్పాల్సింది మనమే. 108 వాళ్ళకైనా, డ్యూటీ డాక్టర్‌కైనా మొదటి వాక్యంలోనే "జనరేటర్ నడిచింది, కిటికీలు మూసి ఉన్నాయి" అని చెప్పండి, వాళ్ళు అడగలేదని ఆగొద్దు. మాకు అడిగే డాక్టర్ దొరకడం మా అదృష్టం.

వైద్యం ఆక్సిజనే, కానీ దాన్ని ఇచ్చే పద్ధతిలో తేడా ఉంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగం పోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అంటే ఒకరికి 40 శాతం ఉందనుకుంటే, బయట చల్లగాలిలో తెల్లారేదాకా కూర్చున్నా ఇంకా 20 దగ్గరే ఉంటారు. మేం ఒడ్డున కూర్చున్న ఇరవై నిమిషాల్లో తలనొప్పి తగ్గినట్టు అనిపించిందే కానీ, రక్తంలోంచి పోయింది చాలా తక్కువ, మళ్ళీ ఎక్కి దాని మీదే ఇంకా ఎక్కించుకున్నాం. అదే, కింద సంచి వేలాడే బిగుతైన మాస్కుతో దాదాపు పూర్తి ఆక్సిజన్ ఇస్తే సగం పోవడానికి గంట, గంటన్నర చాలు. ముక్కులో పెట్టే సన్న పైపు దీనికి సరిపోదు. మానిటర్ మీద 100 కనబడింది కదా అని మాస్కు తీసేయమని మనవాళ్ళు తొందర పెడుతుంటారు, మా ఆయన కూడా పెట్టారు, తీయనివ్వకండి. ఆ 100 కూడా ఆ 98 లాంటిదే. గర్భిణులు, స్పృహ తప్పినవాళ్ళు, గుండె దెబ్బతిన్న సూచనలు ఉన్నవాళ్ళ విషయంలో ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే గది, హైపర్‌బారిక్ అంటారు, దాని గురించి కూడా డాక్టర్లు ఆలోచిస్తారు, అక్కడ సగం పోవడానికి అరగంట కూడా పట్టదు, కానీ ఆ సదుపాయం హైదరాబాద్ లాంటి నగరాల్లోనే దొరుకుతుంది కాబట్టి ముందు దగ్గర్లో దొరికే ఆక్సిజన్ మొదలుపెట్టించడమే పని. ఛాతీ నొప్పి లేకపోయినా ఈసీజీ తీస్తారు, మామయ్యకు తీశారు. గుండెకు ముందే ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఈ వాయువు వల్ల గుండెపోటు రావచ్చు.

గర్భిణుల సంగతి విడిగా చెప్పాలి. కడుపులో బిడ్డ రక్తం ఈ వాయువును తల్లి రక్తం కన్నా ఎక్కువగా, ఎక్కువసేపు పట్టి ఉంచుకుంటుంది. తల్లికి తలనొప్పి తగ్గి, లేచి తిరుగుతున్నా బిడ్డకు ప్రమాదం తప్పిందని కాదు, ఆసుపత్రికి పోవాల్సిందే. అలాగే చిన్నపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు బస్సులే తక్కువ, వీళ్ళకు ముందు తెలుస్తుంది. మా ఇంట్లో మొదట లేచింది రక్తహీనతకు మాత్రలు వాడే అత్తమ్మ, తర్వాత బాబు.

ఇది మా ఒక్కరికే జరిగిన వింత కాదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు, జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది, కాలికట్ ఎన్ఐటీ వాళ్ళు కూడా అందులో పాల్గొన్నారు, బండి అడుగున ఉన్న రంధ్రం గుండా వచ్చిందని చెప్పారు. అంతకు ముందు 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్ట్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ యాత్రికులు, పిల్లలతో సహా, ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిద్రలో ఉన్నవాళ్ళను ఈ వాయువు లేపదు, ఇంకా లోతు నిద్రలోకి తీసుకుపోతుంది. మందు తాగి పడుకున్నవాళ్ళైతే తూలడం, మాట తడబడటం చూసి మత్తు అనుకుని వదిలేస్తారు.

బండి బయట ఉన్న జనరేటర్ పొగ లోపలికి ఎలా వచ్చింది అని నేను చాలా రోజులు అడుగుతూనే ఉన్నాను. కారవాన్ అడుగున వైర్లకు, నీటి పైపులకు, డ్రైనేజీకి రంధ్రాలు ఉంటాయి, గోతుల రోడ్ల మీద తిరిగి తిరిగి వాటి రబ్బర్లు సడలుతాయి. పొగ గొట్టం అడుగునే ఉంటే పొగ అక్కడే సుడి తిరుగుతుంది, నది వైపు నుంచి గాలి ఎదురు కొడితే ఇంకా ఎక్కువ. పైగా బాత్రూంలో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్‌లోనే ఉంది. అది లోపలి గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు తీర్చుకోవడానికి బండి ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి గాలి పీలుస్తుంది, ఆ సందులు ఉన్నది సరిగ్గా పొగ తిరిగే చోట. ఇక ఏసీ. ఏసీ ఉంటే మంచి గాలి వస్తోందని మనకో నమ్మకం, కానీ అది లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి అంతే, కాబట్టి కిందికీ దిగదు, పైకీ పోదు, అంతటా కలిసిపోతుంది. ఒక కిటికీ నాలుగు వేళ్ళ సందు తెరిచినా సరిపోదు.

మరి ఎండదెబ్బకు, తిండి పడకపోవడానికి, దీనికి తేడా ఎట్లా తెలుస్తుంది? తలనొప్పి, వాంతులు, నీరసం మూడింటికీ ఉంటాయి. ఎండదెబ్బ ముదిరితే ఒళ్ళు కాలిపోతుంది, ఇక్కడ జ్వరం ఉండదు. తిండి పడకపోతే చాలామందికి విరేచనాలు కూడా అవుతాయి, ఇక్కడ సాధారణంగా అవ్వవు. కానీ ఈ లక్షణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం కన్నా రెండు విషయాలు చూడండి. ఒకే చోట పడుకున్నవాళ్ళకు దాదాపు ఒకేసారి వచ్చిందా, బయటికి వస్తే తగ్గి లోపలికి వెళ్తే పెరుగుతోందా. ఈ రెండూ ఉంటే గాలినే అనుమానించాలి. ఒళ్ళు ఎర్రబడుతుందని కొన్ని చోట్ల రాస్తారు, అది కనిపించడం అరుదు, దానికోసం ఎదురు చూడొద్దు.

అనుమానం వచ్చిన క్షణమే తలుపులు బార్లా తెరిచి అందరినీ దించేయాలి, సామాన్లు, ఫోన్ ఛార్జర్లు, చెప్పులు వెతుక్కోవద్దు. జనరేటర్ స్విచ్ చేతికందితే ఆపండి. దించాక ఎవరో ఒకరు "ఇంకోసారి చూసొస్తా" అని లోపలికి పోతారు, మన ఊళ్ళలో పాడుబడ్డ బావిలోకి ఒకరు దిగి పడిపోతే ఇంకొకరు దిగి ప్రాణం పోగొట్టుకున్న సంగతులు విన్నవాళ్ళమే, అక్కడి వాయువు వేరు కావచ్చు, చేసే తప్పు ఒక్కటే. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులో అడ్డం పడదు. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాలు దిగేలా నొక్కుతూ ఉండాలి, 108 వాళ్ళు ఫోన్‌లోనే చెప్తారు. మజ్జిగ, నిమ్మరసం, ఓఆర్ఎస్ తాగించే పని పెట్టుకోవద్దు, స్పృహ సరిగా లేనివాళ్ళకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెప్పాను కదా, బాగున్నట్టు కనిపించేవాళ్ళు కూడా ఆసుపత్రికి పోవాలి, లోపల పడుకున్న ప్రతి ఒక్కరూ.

కారవాన్‌కు ఇంటి నంబర్ ఉండదు, అదో తలనొప్పి. 108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన సేవ, మనకు కొత్త కాదు, కానీ "నది ఒడ్డున చెట్ల దగ్గర" అంటే రాత్రి రెండింటికి ఎవరికి తెలుస్తుంది? డ్రైవర్ అన్న పరుగున గుడి దాకా వెళ్ళి అక్కడ టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు, అందువల్లే దారి తప్పలేదు. రాత్రి ఎక్కడ ఆగినా దగ్గర్లోని గుడి, బడి, ఘాట్ పేరు ఒకటి గుర్తుపెట్టుకుని, లొకేషన్ ఇంట్లో ఎవరికైనా పంపి పడుకోవడం ఇప్పుడు మా అలవాటు. ఆసుపత్రులు కూడా ముందే చూసుకోండి. నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో వచ్చాయి, నల్గొండలో 2019లోనే వచ్చింది, ఇవి లేని రోజుల్లో అందరం హైదరాబాద్ దారే పట్టేవాళ్ళం.

కొనుక్కోవాల్సిన వస్తువు ఒక్కటే, కార్బన్ మోనాక్సైడ్ అలారం. పొగ అలారం వేరు, వంటగ్యాస్ లీక్ అలారం వేరు, అవి దీన్ని పట్టవు, పెట్టె మీద సరిగా చదివి కొనండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291, అందులో రెండో భాగం కారవాన్‌ల కోసం, పడవల కోసమే ఉంది. ఆ ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల్లో 50 వంతులు ఉంటే గంట నుంచి గంటన్నరలో, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపే అది మోగాలి. పడుకునే చోట, ఊపిరి తీసే ఎత్తులో పెట్టాలి. అద్దె బండిలో అలారం ఉందా అని అడగండి, ఉందంటే బటన్ నొక్కి మోగించి చూపించమనండి. మాకు బండి ఇచ్చినవాళ్ళు టీవీ, ఫ్రిజ్, బెడ్‌లైట్లు అన్నీ చూపించారు, ఇది లేదు, ఉందా అని అడగాలని కూడా మాకు తెలియదు. జనరేటర్ విషయంలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది కనీసం 20 అడుగుల దూరం, బండికే బిగించినదానికి ఆ దూరం ఎక్కడిది? నా మట్టుకు నాకు, మనుషులు లోపల నిద్రపోతున్నప్పుడు అది అసలు నడవకూడదు. టూరిజం కాటేజీల దగ్గరో, కరెంటు ప్లగ్ ఇచ్చే హోటల్ ఆవరణలోనో ఆపుకోండి, లేదంటే ఆ రాత్రికి దోమతెరలు కట్టుకుని కిటికీలు తెరుచుకుని పడుకోండి. చలికాలంలో బార్బెక్యూ బొగ్గులు ఆరిపోయాయి కదా అని కుంపటి లోపల పెట్టుకునేవాళ్ళకూ ఇదే మాట, బూడిద పట్టిన నిప్పు కూడా ఈ వాయువును వదులుతూనే ఉంటుంది.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పారు, అప్పటికి మేం ఇంటికి పోయే తొందరలో ఉన్నాం. ఈ విషం పీల్చినవాళ్ళలో కొందరికి, అంతా బాగైపోయిందనుకున్న తర్వాత, కొన్ని రోజుల నుంచి ఐదారు వారాల లోపు మతిమరుపు, నడకలో తేడా, ఊరికే కోపం రావడం, మనిషి మందకొడిగా అయిపోవడం లాంటివి కొత్తగా మొదలవుతాయట. ఇంట్లోవాళ్ళే కనిపెట్టాలి, రోగికి తెలియదు. మేం కాగితం మీద తేదీలు రాసుకుని మామయ్యను చూస్తూ వచ్చాం, ఆయన మామూలుగానే ఉన్నారు. నాలుగో వారంలో అత్తమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పూర్తిగా మర్చిపోయింది, గిన్నె మాడిపోయింది, రెండు రోజులకు మళ్ళీ అదే. వయసు వల్లనా, ఆ రాత్రి వల్లనా అని మేం వాదించుకోకుండా న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, జనరేటర్ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాం. ఎంఆర్ఐ తీశారు, ఇప్పటికైతే ఏం కనిపించలేదన్నారు, రోజూ చేసే పనులు ఏవి మర్చిపోతోందో నోట్‌బుక్‌లో రాసి పెట్టమన్నారు. మళ్ళీ ఆగస్టులో రమ్మన్నారు. నోట్‌బుక్ వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది, ఈ వారం అందులో ఇంకా ఏమీ రాయలేదు.